ఎడమవైపు గార్డు

బ్యాగుకు గార్డంట, బ్యాగుకు! మనిషికి లేని కాపు సంచికి కావాల్సి వచ్చింది, అనుకుంది భానుశ్రీ, చెయ్యి విరిగిన ప్లాస్టిక్ కుర్చీలో ఎడమకాలు చాపుకుని. తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కన మెకానిక్ రేకుల షెడ్డు. మే నెల ఎండ ఆ రేకుల మీద పడి కింద ఉన్నవాళ్ళను ఉడకబెడుతోంది. ఎదురుగా ఆమె మొగుడు హరినాథ్ గొంతుకూర్చుని, కొత్తగా తెప్పించిన నల్ల ఇనుప గొట్టాన్ని, మోటారుసైకిలు వెనక పక్కన తగిలించే బ్యాగు చుట్టూ కంచెలా నిలబడేటట్టు వంచిన గొట్టాన్ని, మెత్తటి పసుపు గుడ్డతో తుడుస్తున్నాడు. అబ్బ, ఎంత ఓపిక! ఈ మనిషే కదా, ఆస్పత్రిలో కాలి కింద దిండు సర్దమంటే, 'నర్సును పిలుస్తానుండు' అని బయటికి పోయి అట్నుంచటే టీ తాగను పోయింది. గొట్టం మీద ఏదో మరక కనబడింది కాబోలు, గుడ్డ చివరను నాలుక మీద తడి చేసుకుని మళ్ళీ తుడిచాడు. ఎంగిలితో! చంటిబిడ్డ మూతి తుడిచినట్టు తుడుస్తున్నాడు. తుడవనీ, నున్నగా తుడవనీ, దాన్నే ఒళ్ళో పడుకోబెట్టుకుని జోల పాడనీ. ఆమె చూపు పక్కకు తిప్పుకుంది. పక్కన చూడ్డానికి పాత టైర్ల గుట్ట తప్ప ఏమీ లేదు.

పొద్దున చిత్తూరు నుంచి అతను బండి మీద వచ్చాడు, ఆమె బస్సులో వచ్చింది. బస్టాండులో దిగి ఎముకల డాక్టరు దగ్గరికి ఒక్కతే పోయింది, చేతికర్ర ఊతంతో. డాక్టరు ఎక్స్‌రే ఫోటోను వెలుతురుకు పెట్టి చూసి, అతుక్కుందమ్మా, ఇంక భయం లేదు, నడువు, అన్నాడు. ఆ మాట విన్నాక బయట బల్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చింది, సంతోషమో ఏమో ఆమెకే తెలీదు. ఫోన్ చేసి చెబితే హరినాథ్ ఏమన్నాడు? "ఇంక సాకులేం లేవు గదా. బండి మీదే ఇంటికి పోదాం. ఆటో ఎక్కి షెడ్డుకొచ్చెయ్." సాకులు! బండి మీంచి పడి కాలు విరిగి నాలుగు నెలలు మంచానికి అతుక్కుని పడుంటే అది సాకు. ఎముకలో రేకు పెట్టి మరలు బిగించడం సాకు. పక్కింటామె ఎత్తి పట్టుకుంటే తప్ప స్నానాల గదికి పోలేకపోవడం సాకు. ఇంకాసేపట్లో ఆ సీటు మీదికెక్కి, అతని వీపు వెనక, చిత్తూరు దాకా కూర్చోవాలి. కూర్చుంటే ఒప్పుకున్నట్టు. తప్పు నాదే, ఈసారి కదలకుండా బుద్ధిగా కూర్చుంటానని నలుగురి ముందూ చేతులు కట్టుకున్నట్టు. కూర్చోకపోతేనో, చూసినావా, తప్పు చేసింది కాబట్టే భయం, అంటారు. ఎటు తిప్పినా తప్పు ఆమె మెడకే. చుట్టూ గోడ కట్టేసి పొమ్మన్నట్టుంది. అతనికేం, హాయిగా గొట్టం తుడుచుకుంటున్నాడు.

మెకానిక్ యోగానంద కుడివైపు బ్యాగును ఊడదీసి గోనెసంచి మీద పడుకోబెట్టాడు. షాకబ్సార్బర్ దగ్గర బోల్టు విప్పి, దాని స్థానంలో పొడుగు బోల్టు దూర్చి, గార్డు చివర చిల్లున్న చెవిని దానికి తగిలించి, పానాతో బిగిస్తున్నాడు. వాగుడుకాయ. నోరూ పానా రెండూ ఆగవు. హరినాథ్ తోటి రైడరు బాలచంద్ర అప్పుడే వచ్చాడు, చేతిలో రెండు కొబ్బరి బోండాలు, ఒకటి తనకు, ఒకటి హరినాథ్‌కు. కుర్చీలో ఒక ఆడది కూర్చుని ఉందని అతనికి తర్వాత కనబడింది. "ఏం వదినా, కాలు బాగైందంట గదా! మళ్ళీ రైడుకొస్తావా? ఈసారి గెట్టిగా కూసోవాల, ఆఁ," అని పళ్ళన్నీ బయటపెట్టాడు. యోగానంద అందుకున్నాడు. "అక్కా, ఏమనుకోవాకు, ఎనక కూసునేవాళ్ళు బియ్యం మూట మాదిరిగా ఉండాల. మూట కదలదు సూడు, అట్ట." కందకు లేని దురద కత్తిపీటకెందుకో! ఇంక హరినాథ్‌కు చెప్పనక్కర్లేదు, మొదలుపెట్టాడు, ఊళ్ళో పాడిన పాటే ఈడా పాడాడు. "మలుపులో నేను ఎడమకి ఒంచినానబ్బా. ఈమె కుడికి పోయింది. బండికేం తెలుస్తాది పాపం, యాడికి పోవాల్నో?" పాపం ఎవరికట? బండికి. ఆమె చెవులు మూసుకోలేదు. ఈ కథ పెరిగే తీరు ఆమెకు కొత్త కాదు. ఆస్పత్రిలో మొదటి రోజు, 'రవంత కదిలినట్టుండాది' అన్నాడు. కట్టు విప్పే వేళకు 'కదిలింది' అయింది. ఉగాదికి ఇంటికొచ్చినవాళ్ళతో, 'కదలొద్దు కదలొద్దని కేక కూడా ఏసినా, ఇంటేనా' అన్నాడు. కేకంట! ఇంకో ఏడాది పోతే ఆమే లాగి కింద పడేసిందని చెబుతాడు, అందరూ చ్చొచ్చో అంటారు. ఆడలేక మద్దెల ఓడు అన్నాడట ఎవడో, ఈయన మద్దెల ఇంట్లోనే ఉంది, వండి పెడుతుంది, నోరెత్తదు.

పులికాట్. ఆ పేరు తలచుకుంటే ఇప్పుడు కాలు సలుపుతుంది కానీ, ఆ పొద్దున మాత్రం ఎంత సంబరపడింది! పెద్ద బండి కొన్నాక ఆమెను ఎక్కించుకుని దూరం పోవడం అదే మొదలు. దానికోసం నగరి నుంచి గుడ్డ తెప్పించి, తన మిషను మీద తనే చుడీదారు కుట్టుకుంది, కాలు ఇటొకటి అటొకటి వేసి కూర్చోవాలి కదా అని కింద కాస్త వదులు పెట్టి. సరస్సు ఒడ్డున చలి. నీళ్ళకవతల పక్షులు, ఎక్కడో దూరంగా, గులాబీ రంగు పూసిన గీతలాగా. ఆమె అట్లా చూస్తూనే ఉండిపోయింది, నోరు తెరుచుకుని. ఏమండోయ్ చూడండి, ఒకటి ఎగిరింది, అని తిరిగితే అతను బండిని నీళ్ళ దగ్గరికి తోసి, పక్షులు వెనక పడేటట్టు ఫోటో తీస్తున్నాడు. "నువ్వు రవంత పక్కకు జరుగుమే, అడ్డం వస్తా ఉండావు." జరిగింది. ఇంకొంచెం అన్నాడు, ఇంకొంచెం జరిగింది. ఆ ఫోటోలన్నిట్లో బండి ఉంది, బాలచంద్ర బండి ఉంది, ఆకాశం ఉంది, ఆమె ఒక్కదాంట్లోనూ లేదు. తర్వాత పడవల దగ్గర రొయ్యలు కొన్నాడు, వాళ్ళమ్మకు ఇష్టమని. ఐసు ముక్కలేసి కవర్లో కట్టి ఎడమవైపు బ్యాగులో పెట్టాడు. అక్కడ మొదలైంది. ఐసు కరిగి నీళ్ళు కారుతాయేమో, బ్యాగు లోపలి గుడ్డ కంపు కొడుతుందేమో, మూత సరిగ్గా పడలేదేమో! నాగలాపురంలో ఒకసారి ఆపి చూశాడు. పుత్తూరులో మళ్ళీ ఆపాడు. మూత కొక్కెం టకటకమంటోంది, టకటకమంటోంది అని దారంతా అదే గోల. వెనక ఆమె కాళ్ళు కూర్చుని కూర్చుని కొయ్యబారిపోయాయి, మంచినీళ్ళు కావాలేమో అని అడిగిన పాపాన పోలేదు. రొయ్యలకున్న విలువ కూడా లేదు తనకు. వాటికి ఐసైనా పెట్టాడు.

కార్వేటినగరం దాటాక మామిడితోటల మధ్య మలుపు. అటూ ఇటూ పూత మీదున్న చెట్లు, ఆ వగరు వాసన. పొద్దు వాలుతోంది. బాలచంద్ర ముందెక్కడో పోతున్నాడు, దుమ్ము మాత్రం కనబడుతోంది. అప్పుడు హరినాథ్ ఎడమచెయ్యి హ్యాండిల్ మీంచి లేచింది. లేచి వెనక్కి వచ్చింది. వచ్చి ఆమె మోకాలి మీద పడింది. ఇది ఆమె ఎవరికీ చెప్పలేదు, కన్నతల్లికి కూడా. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నలుగురున్న చోట చెయ్యి పట్టుకోని మనిషి, గుళ్ళో కూడా పదడుగులు ముందు నడిచే మనిషి, రోడ్డు మీద పోతూ పోతూ చెయ్యి వెనక్కి చాపి మోకాలి మీద వేశాడు. ఝల్లుమంది ఒళ్ళు. ఓరి దేవుడా, ఈ మనిషిలో ఇది కూడా ఉందా, అనుకుంది. అంత పిచ్చిది! తర్వాత ఆ చెయ్యి మోకాలిని దాటుకుని కిందికి పోయింది, బ్యాగు మూత వెతుక్కుంటూ. గుంజ అడ్డమొస్తే తప్పించినట్టు మోకాలిని పక్కకు తోసింది. మూత మీద తప్ తప్‌మని తట్టడం వినబడింది. అంతే. రోడ్డు మీద కంకర, ఆకాశం, మామిడికొమ్మలు, మళ్ళీ కంకర. కాలి మీద ఇనుప బరువు, పిక్క మీద ఇంజను వేడి. అరిచిందో లేదో గుర్తు లేదు. గుర్తున్నదొక్కటే. బాలచంద్ర వెనక్కి తిరిగొచ్చి బండిని లేపుతుంటే, హరినాథ్ నిలబడి, ఆమె కాలి మీదున్న బ్యాగు వైపు చూస్తూ అన్న మొదటి మాట. "బ్యాగు పోయిందిరా."

ఆ మాట మరిచిపోవచ్చు, మరవకపోవచ్చు, అది అతని పాపం. ఆమెను తినేసేది అది కాదు. చెయ్యి మోకాలి మీద పడినప్పుడు తను కదిలిందా? ఇదీ ఆమెను రాత్రీ పగలూ కొరికేది. ఒళ్ళు ఝల్లుమన్నది నిజం. మనసు కదిలింది, అదీ నిజం. నడుము కదిలిందా? ఆ చేతికి దగ్గరగా కొంచెం జరిగిందా? లేక చెయ్యి తోసింది కాబట్టి పక్కకు పోయిందా? మొదట్లో ఆమెకు ఖాయంగా తెలుసు, కదల్లేదు. అతను చెయ్యి తీశాడు, ఒంటిచేత్తో తిప్పాడు, మలుపులో కంకర ఉంది, పడ్డాం. పుస్తకం తెరిచినట్టు కనబడేది. కానీ పదిమంది కలిసి మేకను కుక్క అంటే ఎంతకాలం కాదంటావు? అత్త సిద్ధమ్మ వచ్చినవాళ్ళందరికీ మంచం పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్పేది, "నా కోడలు కదిలింది, నా కొడుకు సచ్చి బతికినాడు," అని. అతనికి మోచెయ్యి గీరుకుంది, అంతే! ఆమె సొంత తల్లి కూడా, పోనీలేమ్మా, అయిందేదో అయింది, ఇంక జాగర్తగా కూర్చో, అంది. జాగర్తగా కూర్చోవడమేమిటే అమ్మా, అని అరవాలనిపించింది, అరవలేదు. ఏమని చెబుతుంది? నా మొగుడు మోకాలి మీద చెయ్యి వేశాడు, అది ప్రేమనుకున్నాను అని చెబుతుందా? నవ్విపోరూ. ముందు గదిలో కుట్టుమిషను గుడ్డ కప్పుకుని కూర్చుంది, తొక్కడానికి కాలు లేదు. ఆమె మంచం మీంచి దాన్ని చూస్తూ రోజంతా అదే మలుపు తిరిగేది. తిరిగిన ప్రతిసారీ తను ఇంకాస్త కుడికి జరిగినట్టుండేది. ఇప్పుడు తన ఒంటిని తనే నమ్మదు. ఇంత అన్యాయం ఇంకోటి ఉందా?

కుడివైపు గార్డు సులువుగా కూర్చుంది. ఎడమవైపు కూర్చోవడం లేదు. యోగానంద గార్డు చెవిని బోల్టు దగ్గరికి తెస్తాడు, రంధ్రాలు కలవవు, వేలు మందం తేడా. తిప్పి చూశాడు, వంగి చూశాడు, నోట్లో నట్టు పెట్టుకుని ఆలోచించాడు. "ఫ్రేము రవంత ఒంగుండాది అన్నా. పడినప్పటిదే." హరినాథ్ మొహం చూడాలి అప్పుడు, ఇంట్లో పీనుగ లేచినట్టు. "యాడ? యాడ ఒంగుండాది? ఎంత?" అంటూ మోకాళ్ళ మీద పడి, బండి కిందికి తల దూర్చి, వేళ్ళతో తడుముతున్నాడు. యోగానంద గునపంలాంటి కడ్డీ తెచ్చి సందులో పెట్టి పైకి ఎత్తబోతే, "మెల్లిగబ్బా, మెల్లిగ! రంగు పోతాది, నొక్కు పడతాది, గుడ్డ అడ్డం పెట్టు," అని అతని చెయ్యి పట్టుకున్నాడు. భానుశ్రీకి మోకాలు వంచే డాక్టరు గుర్తొచ్చాడు. బల్ల మీద బోర్లా పడుకోబెట్టి బిగుసుకుపోయిన కాలిని వంచుతుంటే, ఆమె దుప్పటి కొరుక్కుని అరుస్తుంటే, గుమ్మంలో నిలబడి ఫోను చూసుకుంటూ ఇదే హరినాథ్ అన్నాడు, "గెట్టిగా ఒంచండి సార్, అరుస్తాది, అరవనీండి." రంగు పోతుందంట! ఆ కడ్డీ అందుకుని ఆ రెండు బ్యాగుల్నీ టెంకాయలు కొట్టినట్టు కొట్టాలనిపించింది, ఆపైన అతని నెత్తిన కూడా. చేతికర్రను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. బాలచంద్ర బోండాంలో నీళ్ళు అయిపోయినా స్ట్రాతో గుర్రుమని పీలుస్తూనే ఉన్నాడు.

చివరికి కలిసింది. కడ్డీతో ఒక ఎత్తు ఎత్తి, యోగానంద బోల్టు దూర్చేశాడు. బ్యాగు మళ్ళీ తగిలించి, కొక్కెం వేసి, దూరంగా నిలబడి బండి చుట్టూ తిరిగి చూశారు ముగ్గురూ, పెళ్ళికూతుర్ని చూసినట్టు. గార్డు బ్యాగు చుట్టూ నల్లగా, దిట్టంగా నిలబడింది. హరినాథ్ దాన్ని కాలితో ఒక తోపు తోసి చూసుకున్నాడు, కదల్లేదు. ఎంత ఆనందం ఆ మొహంలో! "సూడుమే, ఇంక పడినా బ్యాగుకేం కాదు."

"కాలికి?" అంది భానుశ్రీ.

అతను నవ్వాడు. "కాలు నీ దగ్గరుండాది, నువ్వు సూసుకోవాల." మిగిలిన ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు ఊపులోనే బండి ఎక్కి, హెల్మెట్ పెట్టుకుంటూ అన్నాడు, "రా, ఎక్కు. అలిపిరిలో పూజ చేయించుకోని, అట్నే చంద్రగిరి మీద ఎల్లిపోదాం."

అలిపిరా? ఆమె కుర్చీలోంచి సగం లేచింది, అట్లాగే ఆగిపోయింది. అలిపిరి ఎందుకు? తిరుపతివాళ్ళు బండ్లు అలిపిరికి తీసుకుపోతారు, పాదాల దగ్గర నిమ్మకాయలు తొక్కిస్తారు, అది వాళ్ళ అలవాటు. హరినాథ్ ఇంట్లో ఏనాడైనా అలిపిరికి పోయారా? ఏ వస్తువైనా కాణిపాకమే కదా. ట్రాక్టరు కాణిపాకం. పాత స్కూటరు కాణిపాకం. బోరు మోటారు స్టార్టరు పెట్టెను కూడా అత్త ఒళ్ళో పెట్టుకుని బస్సులో కాణిపాకం తీసుకుపోయింది. భానుశ్రీ కుట్టుమిషను కొంటే ఆటోలో వేసుకుని వినాయకుడి ముందు దించి బొట్టు పెట్టించారు, చూసినవాళ్ళంతా నవ్వారు. ఈ పెద్ద బండి కొన్నప్పుడు కూడా అక్కడే. ఇంక పడిన బండి సంగతైతే చెప్పేదే లేదు. మామ బతికున్న రోజుల్లో తాగి తోలి ట్రాక్టరును కాలవలో బోల్తా కొట్టించాడట. బాగుచేయించాక దాన్ని మళ్ళీ పొలంలో దించలేదు, ముందు కాణిపాకం పోయి, కోనేట్లో మునిగి, తడిబట్టలతో నిలబడి, 'తాగి తోలినాను సామీ, తప్పు నాది' అని పదిమందీ వినేట్టు చెప్పుకుని వచ్చాడు. పెళ్ళయిన కొత్తలో అత్త ఆ కథ ఎంత గొప్పగా చెప్పింది! పడిన బండిని రోడ్డెక్కించే ముందు, అది ఎందుకు పడిందో తోలినవాడు సామి ముందు నోరు తెరిచి చెప్పుకోవాలి. అది ఆ ఇంటి చట్టం. గ్యారేజీ నుంచి ఈ బండి ఇంటికొచ్చినప్పటి నుంచీ అత్త పోరుతూనే ఉంది, ఎప్పుడు పోతావురా, ఎప్పుడు పోతావురా, అని. గార్డు ఏయించినాక పోతాలేమ్మా, అని దాటేస్తున్నాడు. ఇదుగో, గార్డు వేయించాడు. చిత్తూరుకు పోయే దారిలోనే కాణిపాకానికి తిరిగే రోడ్డు. పనిగట్టుకుని పోనక్కర్లేదు, బండి తిప్పితే చాలు.

"అలిపిరి ఎందుకు? కాణిపాకం పోదాం," అంది.

"ఆడ జనం నిండా ఉంటారుమే, సెలవులు గదా."

"అలిపిరిలో లేరా జనం?"

"ఏ సామైనా సామే. నువ్వు ఎక్కు, ఎండగా ఉండాది."

చూసింది అతని మొహంలోకి. హెల్మెట్ అద్దం పైకి లేపి ఉంది. కళ్ళు ఆమె మీద లేవు, హ్యాండిల్ మీద ఉన్నాయి. చెవి పక్కనుంచి చెమట కారుతోంది. అందరికీ కారుతోంది, కానీ ఈ చెమట వేరు. అయ్యో, ఇన్నాళ్ళూ తనకు తట్టలేదే! చిత్తూరు మనిషి అబద్ధం ఎక్కడైనా చెబుతాడు, కోర్టులో చెబుతాడు, బ్యాంకులో చెబుతాడు, కట్టుకున్నదాని మంచం పక్కనే కూర్చుని చెబుతాడు. కాణిపాకంలో చెప్పడు, అక్కడి వినాయకుడు ప్రమాణాల దేవుడు, అబద్ధమాడినవాణ్ణి వదలడు. చెబితే ఏమవుతుందో చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగినవాడు, చెప్పలేడు. ఇతను నిజంగా ఆమె కదిలిందనే నమ్ముంటే, ఈపాటికి పదిసార్లు పోయుండడూ? ఊళ్ళో అందరికీ చెప్పినవాడు సామికి చెప్పుకోడానికి ముందే పరుగెత్తుండడూ? భయం. అంటే తెలుసు. మొదటి నుంచీ తెలుసు. చెయ్యి తీసిన సంగతి, మోకాలిని తోసిన సంగతి, అన్నీ ఆ తలకాయలో భద్రంగా ఉన్నాయి, కొక్కెం వేసి మరీ. అంటే తను కదల్లేదు. కదల్లేదు! మోకాలి నుంచి పైకి ఏదో పాకింది, నొప్పి కాదు. నాలుగు నెలలుగా ఒంటి మీద మోస్తున్న బండి ఎవరో ఎత్తినట్టయింది. ఆ వెనకే అసహ్యం పొంగుకొచ్చింది. దొంగ సచ్చినోడా. నా ఒంటి మీద నాకే అనుమానం పుట్టించినావు కదరా.

ఆమె చేతికర్రను కుర్చీకి ఆనించింది. కుంటుకుంటూ పోయి, కుడికాలు ఫుట్‌రెస్టు మీద పెట్టి, అతని భుజం ముట్టుకోకుండా సీటు వెనక కమ్మీ పట్టుకుని, ఎడమకాలిని రెండో చేత్తో ఎత్తి గార్డు మీదుగా అవతలికి వేసింది. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కూర్చుంది. "సబాష్ వదినా!" అన్నాడు బాలచంద్ర.

"ఊఁ, ఎక్కినా," అంది భానుశ్రీ, అందరికీ వినబడేట్టు. "కాణిపాకం పోనీ. సామి ముందర నిలబడి చెప్పు, నేను కదిలినానని. నువ్వు ఆడ చెప్తే నేనూ ఒప్పుకుంటా. ఇంక జన్మలో నోరెత్తను."

హరినాథ్ వీపు బిగుసుకోవడం ఆమెకు చొక్కా మీంచే కనబడింది. తాళంచెవి తిప్పాడు, బండి స్టార్టయింది, కదల్లేదు. బాలచంద్ర ఇంకా నవ్వుతూనే, "పోరా హరీ, దానికేముండాది, చెప్పేసి రా, పీడ పోతాది," అన్నాడు.

"నువ్వు నోరు ముయ్ రా!" అని కసిరాడు హరినాథ్. అంత కేక ఎందుకేశాడో బాలచంద్రకు అర్థం కాలేదు. రెండు క్షణాల తర్వాత అర్థమైనట్టుంది, చేతిలోని ఖాళీ బోండాన్ని కింద పెట్టేసి హరినాథ్ వైపు అదోలా చూశాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటున్నాడు, అందరి ముందూ. యోగానంద మొదటిసారి నోరు మూసుకుని పానాలు సర్దుకోసాగాడు.

"ఏంది, పోనీ!" అంది ఆమె.

"రాను."

"యాడికి రావు?"

"కాణిపాకం రానంటే రాను. దిగు. నాకు పనుండాది. నువ్వు బస్సులో పో."

పొద్దున్నుంచీ బండెక్కు బండెక్కు అన్న మనిషి! దిగింది. దిగడం ఎక్కడం కంటే కష్టమైంది, గార్డుకు మడమ తగిలి ప్రాణం పోయినంత పనైంది, అయినా ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. అతను వెనక్కి చూడకుండా రోడ్డెక్కాడు. అలిపిరి వైపూ పోలేదు, చిత్తూరు వైపూ పోలేదు, రేణిగుంట వైపు తిరిగాడు, అక్కడేం పనో! రెండు బ్యాగులూ రెండు గార్డుల మధ్య భద్రంగా పోయాయి. గుండు కొట్టించుకున్న యాత్రికులతో ఒక బస్సు గోవిందా గోవిందా అంటూ అడ్డమొచ్చింది. అది పోయేసరికి బండి కనబడలేదు.

భానుశ్రీ కుర్చీలో కూర్చుని అత్తకు ఫోన్ చేసింది. ఇన్ని నెలల్లో తనంతట తాను ఆమెకు చేయడం ఇదే మొదలు. అవతల టీవీ సీరియల్ అరుపులు, వాటి మీదుగా సిద్ధమ్మ అరుపు.

"ఏమ్మే, గార్డు ఏసినారా?"

"ఏసినారత్తా. బాగుండాది."

"కాణిపాకంలో టెంకాయలు గుడి కాడ కొనొద్దు, మొన్నటివి కుళ్ళినాయి. దారిలో యాడన్నా తీసుకోండి. వాడికి చెప్పు."

"నీ కొడుకు కాణిపాకం రానంటా ఉండాడు."

"రానంటాడా? ఏం, టైం లేదంటనా?"

"అలిపిరి చాలంటాడు. నేను బండెక్కి కూసున్నానత్తా. కాణిపాకం పోయి సామి ముందర చెప్పమన్నా. నన్ను దింపేసి పోయినాడు."

సీరియల్లో ఎవరో ఏడుస్తున్నారు. ఏడుపు ఉన్నట్టుండి ఆగిపోయింది, టీవీ కట్టేసినట్టుంది. నోరు మంచిది కాదు ముసలిదానిది, ఇప్పుడు ఒక తిట్టు తిడుతుందనుకుంది భానుశ్రీ, నువ్వే ఏదో అనుంటావు అంటుందనుకుంది, దానికి జవాబు కూడా సిద్ధంగా పెట్టుకుంది.

"రానని నోటితో అన్నాడా?"

"అన్నాడు. బాలచంద్ర ఈడే ఉండాడు, అడుగు."

బాలచంద్ర తల దించుకున్నాడు. ఒక ఆడది తన మొగుడు తడిబట్టలతో నిలబడిన చోటును, కొడుకు తప్పించుకుపోయిన చోటును పక్కపక్కన పెట్టి చూసుకోడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు పట్టింది సిద్ధమ్మకు.

"నువ్వు కదల్లేదామే?" అంది సిద్ధమ్మ, చాలా చిన్న గొంతుతో.

ఇన్నాళ్ళూ కదిలినావు అన్నవాళ్ళే. కదిలినావా అని ఒక్కరూ అడగలేదు.

"కదల్లేదత్తా," అంది భానుశ్రీ. "చెయ్యి తీసింది నీ కొడుకు."